ఒక పొయ్యి, ఒక కుటుంబం

ఈ మధ్య మా పాత ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు నన్ను టీకి పిలిచి, ఇన్నేళ్ల సర్వీసులో మీరు సాధించిందేమిటని అడిగారు. మర్యాద కోసం అడిగిన ప్రశ్న. నేనూ మర్యాదగా, ఏదో మీ అందరి అభిమానం అని తప్పించుకోవచ్చు. కానీ ఆ టీ మరీ నీళ్లలా ఉండటంతో చిరాకొచ్చి నిజం చెప్పేశాను. ఫరీదాబాద్‌లో ఒక పేటలో నేను నాలుగు నెలల్లో క్షయ వ్యాధి లేకుండా చేశాను. దానికి మందులు అక్కర్లేకపోయాయి, డాక్టర్లూ అక్కర్లేకపోయారు. ఒక వాక్యం సరిపోయింది. పిల్లలు పెద్దగా నవ్వారు. ఆ నవ్వు విన్నాకే ఇది రాయాలనిపించింది. రేపు అలాంటి వాక్యాలు రాయబోయేది మీరే కదా.

నేను లెక్కల మనిషిని. కాకినాడలో స్టాటిస్టిక్స్ చదివి, ఢిల్లీలో ప్రజారోగ్యం చూసే ఒక ప్రభుత్వ కార్యాలయంలో చేరి, అక్కడే తల నెరిపించుకున్నాను. రిటైరవబోయే ముందు నా చేతికి వచ్చిన ఆఖరి పెద్ద పని కుటుంబ ఆరోగ్య కార్డు. ఒక్కొక్క మనిషినీ విడిగా కాకుండా కుటుంబం మొత్తాన్ని ఒకటిగా చూడాలని దాని ఉద్దేశం. ఇంటింటికీ వెళ్లి పన్నెండు ప్రశ్నలు అడగాలి. కాన్పు ఆస్పత్రిలో జరిగిందా, బిడ్డకి టీకాలు పడ్డాయా, బీపీ ఉన్నవాళ్లు మాత్రలు మానకుండా వేసుకుంటున్నారా, తాగే నీళ్లు మంచివేనా, క్షయ వచ్చినవాళ్లు మందు పూర్తిగా వాడారా, ఇలాంటివి. అన్నీ బాగుంటే తలుపుకి ఆకుపచ్చ స్టిక్కరు. ఏ ఒక్కటి తేడా ఉన్నా ఎర్ర స్టిక్కరు. ఉద్దేశం మంచిదే. ఆ మాట ఇప్పటికీ ఒప్పుకుంటాను.

చిక్కల్లా ఎక్కడంటే, మాకున్న సిబ్బందితో పన్నెండింటి వెంటా పడలేం. నాలుగింటిని ఎంచుకుని ముందు వాటి పని పట్టాలి. ఏ నాలుగు? అది తేల్చడానికి ఒక కమిటీ వేశారు.

మొదటి సమావేశంలో తలా ఒక కాగితం ఇచ్చి, పన్నెండింటికీ వరసగా ర్యాంకులు వేయమన్నాం. టీకాలాయన టీకాల్ని మొదట పెట్టి నీళ్లని ఆఖర్న పెట్టాడు. నీళ్లావిడ నీళ్లని మొదట పెట్టి టీకాల్ని ఆఖర్న పెట్టింది. అందరూ అదే పద్ధతి. నేను మొత్తం కూడి చూస్తే పన్నెండు సూచికలూ దాదాపు సమానంగా అత్యంత ముఖ్యమైనవని తేలింది. రెండో సమావేశంలో సమోసాలు వచ్చాయి గానీ నిర్ణయం రాలేదు.

మా డైరెక్టరు గారు ఉత్తరాది మనిషి. మంచివారు, కాకపోతే ఆకలి మీద ఉండేవారు. షుగరూ బీపీ రెండూ ఉండటంతో గురుగ్రామ్‌లో వాళ్ల అపార్ట్‌మెంటులో ఆయనకి వంట వేరు. ఉప్పు లేకుండా, నూనె లేకుండా, ఒక ఇండక్షన్ పొయ్యి మీద వంటమనిషి విడిగా వండి డబ్బా కట్టి పంపేది. రోజూ ఒంటిగంటకి ఆ డబ్బా మూత తీసి, ఒక్క నిట్టూర్పు విడిచి, మా డబ్బాల వైపు చూసేవారు. నా ఆవకాయని ఆయన చూసిన చూపు నేను ఇంకే ఫైలు మీదా చూడలేదు.

ఆయనే దారి చూపించారు. "దేఖియే, మన ఇష్టాయిష్టాలు వద్దు. పైలట్‌గా ఒక పేటలో సర్వే చేద్దాం. ఏ సూచికలో ఎర్ర ఇళ్లు ఎక్కువుంటే దానికి పెద్దపీట. డేటానే చెప్పనివ్వండి."

"అవును సార్, అంకెలకి మొహమాటం ఉండదు" అన్నాను నేను. ఆ మాట అందరికీ నచ్చి మినిట్స్‌లో కూడా ఎక్కింది.

ఇక మిగిలింది కుటుంబం అంటే ఏమిటో చెప్పడం. ఒకాయన రేషన్ కార్డు అన్నాడు. ఒకావిడ ఒకే కప్పు కింద ఉండేవాళ్లంది. ఫరీదాబాద్‌లో ఒక్క కప్పు కింద ఆరు వాటాలుంటాయని ఇంకొకాయన గుర్తు చేశాడు. అప్పుడు నేను లేచి బోర్డు మీద రాశాను: ఒకే పొయ్యి మీద వండినది తినేవారు ఒక కుటుంబం. "వాహ్" అన్నారు డైరెక్టరు గారు. ఆ ఊపులో దాని కింద ఇంకో గీత గీసి, ఒంటరిగా వండుకునే వ్యక్తి కుటుంబం కాదు కనుక సర్వేలోకి రాడు అని కూడా చేర్చాను. ఫ్యాక్టరీల్లో పనిచేసే బ్రహ్మచారులు నెలకో గది మారుస్తూ మన పట్టికలు పాడుచేస్తారని ఆ జాగ్రత్త. సాయంత్రం మెట్రోలో ఇంటికొస్తూ ఆ వాక్యాన్ని రెండు మూడుసార్లు నాలో నేనే చదువుకున్నాను. నా అంత తెలివైనవాడు ఆ పెట్టెలో ఇంకెవడూ లేడనిపించింది.

ట్యాబ్‌లో ప్రశ్నలు ఎక్కించాక, అలవాటు కోసం ముందు ఎవరింట్లో వాళ్లు నింపుకు రమ్మన్నారు. జనక్‌పురిలో మా ఫ్లాట్‌లో మేము నలుగురం. నేను, మా ఆవిడ, కాలేజీకెళ్లే అమ్మాయి, మా అమ్మ. పిల్ల గుడ్డు తింటుందని అమ్మ మా వంటింట్లో వండుకోదు. బాల్కనీలో ఒక చిన్న పొయ్యి పెట్టుకుని తన అన్నం, తన చారు తనే కాచుకుంటుంది. పొయ్యిలెన్ని అని ట్యాబ్ అడిగితే అమ్మాయి రెండు అని నొక్కింది. ట్యాబ్ ఇంకో రెండు ప్రశ్నలు అడిగి అమ్మ పేరు తీసేసింది.

"డాడీ, నాన్నమ్మ గాయబ్!" అని అరిచింది అమ్మాయి.

"ఏవిట్రా, నన్నెక్కడికి పంపేశారు?" అంది అమ్మ బాల్కనీలోంచి.

"ఎక్కడికీ లేదత్తయ్యా, మీ అబ్బాయి లెక్కలో మీరు లేరంతే. మీ బీపీ కూడా పోయింది, మనిల్లు ఆకుపచ్చ" అంది మా ఆవిడ.

ముగ్గురూ నవ్వారు, నేనూ నవ్వాను. మర్నాడు ఆఫీసులో ఇదే కథ చెప్పి అందర్నీ నవ్వించాను కూడా. ఒరే, ఇది నవ్వులాట కాదురా అని నాలో ఒక్క గొంతూ అనలేదు. తప్పు మొట్టమొదట నా ఇంటి బాల్కనీలోనే కూర్చుని చారు కాచుకుంటుంటే, నేను దాన్ని జోకుగా వాడుకున్నాను.

ఫరీదాబాద్ పేటలో మా పని చూసే నర్సింగ్ సూపర్‌వైజరు మన తెలుగావిడే. ఒంగోలు వైపు మనిషి. నర్సింగ్ చదివి ఢిల్లీ వచ్చి పాతికేళ్లు. ఆదివారం చర్చిలో పాటలు పాడేది, మిగతా ఆరు రోజులూ మాకు చీవాట్లు పెట్టేది. అందరూ సిస్టర్ అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచేవాణ్ని. శిక్షణ రోజునే ఆవిడ చెయ్యెత్తింది.

"పొయ్యిని బట్టి కుటుంబం అంటే ఎట్టా సార్? అత్తాకోడళ్లు పోట్లాడుకుంటే పొద్దున ఒక పొయ్యి, సాయంత్రానికి రెండు. ఇంట్లో జబ్బు మనిషుంటే అసలే దూరం పెడతారు. వాళ్లనేం చేస్తారు?"

"సిస్టర్, నిర్వచనాన్ని నిర్వచనంలాగే చూడాలి" అన్నాను. అంత గొప్ప సమాధానం చెప్పి, కళ్లజోడు కూడా సర్దుకున్నాను.

మొదటి సర్వేలో క్షయ రెండో స్థానంలో నిలిచింది. ఆశ్చర్యం లేదు. మందు నెలల తరబడి వాడాలి, పూర్తయ్యేదాకా ఆ ఇల్లు ఎరుపే అని మేము నియమం పెట్టాం. ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలు, అక్కడివాళ్ల మాటలో దీదీలు, ఎంత కష్టపడ్డా ఆ ఎరుపు పోదు. పైగా, అన్నీ ఆకుపచ్చైన సందులో పనిచేసే దీదీకి నెలవారీ సమావేశంలో చప్పట్లూ ఫొటో, ఎర్ర సందు దీదీకి అందరి ముందూ చీవాట్లూ అని ఇంకో ఏర్పాటు. అదీ మా కమిటీ తెలివే.

నాలుగు నెలల తర్వాత రెండో సర్వేలో క్షయ పదకొండో స్థానానికి పడిపోయింది. డైరెక్టరు గారు ఆ గీతని తెర మీద పెద్దది చేసి మరీ చూశారు. "కమాల్ హై" అన్నారు. ఎలా జరిగిందని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. కిందికి దిగే గీతని చూస్తే మా ఆఫీసులో ప్రశ్నలు రావు, స్వీట్లు వస్తాయి. క్షయని నాలుగింటి జాబితాలోంచి తీసేస్తూ నోట్ తయారైంది. దాని మీద శుక్రవారం సంతకాలు. సంతకం అయితే సిస్టర్ బృందం వారం వారం రోగుల ఇళ్లకి వెళ్లడం ఆగిపోతుంది, వాళ్లని టీకాల మీదికి మారుస్తారు.

బుధవారం సిస్టర్ ఫోన్ చేసింది.

"సార్, రేపొకసారి ఫరీదాబాద్ రండి. మీ ఆకుపచ్చ సందు సూద్దురుగాని."

"డేటా చూశాను సిస్టర్."

"డేటా కాదు సార్. సందు. వస్తారా, రారా?"

వెళ్లాను. మెట్రో దిగి, ఆటో ఎక్కి, ఫ్యాక్టరీ గోడ పక్కనున్న సందులో దిగాను. రెండు వైపులా తలుపుల మీద ఆకుపచ్చ స్టిక్కర్లు వరసగా ఉన్నాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంది. సిస్టర్ ఒక ఇంట్లోకి తీసుకెళ్లింది. లోపల అత్తగారు, మామగారు, కొడుకు, మూడేళ్ల మనవడు. ట్యాబ్‌లోనూ సరిగ్గా ఈ నలుగురే ఉన్నారు. అంతా సక్రమం.

"ఇప్పుడు ఇటు రండి" అని సిస్టర్ నన్ను వెనక మెట్ల దగ్గరికి నడిపించింది.

మెట్ల కింద ఒక చిన్న పొయ్యి. ఒక కంచం, ఒక గ్లాసు, చుట్టిన పరుపు. దాని పక్కన ఒక అమ్మాయి కూర్చుని ఉంది. మా అమ్మాయి కంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. ఆ ఇంటి కోడలు. లోపల ఆడుకుంటున్న పిల్లవాడు ఆవిడ కొడుకు.

"మందు మొదలుపెట్టి మూడు నెలలైంది సార్. ఇంక ఎవరికీ అంటుకోదని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. అసలు కంచాల్తో, పొయ్యిల్తో అంటుకునే జబ్బే కాదిది" అంది సిస్టర్. "మీ ట్యాబ్‌లో ఈ పిల్ల ఒంటరి మనిషి. కుటుంబం కార్డు లేదు కాబట్టి రోగులకిచ్చే పప్పూ నూనే పొట్లం ఆగిపోయింది. బరువు తగ్గతా ఉంది. పోయిన రెండు వారాల్లో మందు తెచ్చి పెట్టే దిక్కు లేక కొన్ని రోజులు మాత్రలు కూడా తప్పినయ్. నేను వచ్చి చూసుకున్నా కాబట్టి సరిపోయింది. రేపు మీరు సంతకం పెడితే నేనూ రాను."

వెనకే వచ్చిన అత్తగారి వైపు తిరిగి, ఇలా ఎందుకు చేశారని కోపంగానే అడిగాను. ఆవిడ నాకంటే కోపంగా నన్ను వీధి తలుపు దగ్గరికి తీసుకెళ్లి, దాని మీది స్టిక్కరు చూపించింది.

"దీదీ చెప్పింది సాబ్! అలగ్ చూల్హా కర్ దో, ఘర్ హరా హో జాయేగా, పొయ్యి వేరు చేస్తే ఇల్లు ఆకుపచ్చవుతుంది అంది. సర్కారువాళ్లే పొయ్యి వేరు పెట్టమంటే మేం పెట్టకుండా ఉంటామా? మనవడికి అంటుకుంటుందని నాకు ముందే భయం. కంచం వేరు పెట్టాను గానీ, పొయ్యి వేరు పెట్టడానికి నాకే చేతులు రాలేదు. మీరు చెప్పాక పెట్టాను."

తర్వాత సిస్టర్ విషయం చెప్పింది. పక్క సందులో ఎవరో రోగికి భయంతో ముందే వేరే పొయ్యి పెట్టారట. ఆ ఇల్లు ట్యాబ్‌లో దానంతటదే ఆకుపచ్చైపోయింది. ఆ దీదీకి చప్పట్లు పడ్డాయి. చప్పట్ల రహస్యం మిగతా దీదీలకి తెలియడానికి ఎంతసేపు! ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క పొయ్యి బయటికొచ్చింది. వాళ్లని తిట్టడానికి నాకు నోరు రాలేదు. పరీక్షలో సిలబస్ ఏమిటో పిల్లలు కనిపెట్టారంతే. సిలబస్ నాది.

ఆ అమ్మాయి ఈలోగా తన పొయ్యి మీద టీ పెట్టి, ఉన్న ఒక్క గ్లాసులో పోసి నాకు అందించింది. సిస్టర్‌కి గిన్నెలో పోసింది. నేను, "ఇప్పుడే తాగొచ్చానమ్మా" అన్నాను.

తాగి రాలేదు. పొద్దుటి నుంచి టీ చుక్క నోట్లో పడలేదు. ఈ జబ్బు గ్లాసుల వల్ల రాదని కరపత్రాల్లో రాయించింది నేనే. అయినా చెయ్యి ముందుకి రాలేదు. ఆ అమ్మాయి గ్లాసు కింద పెట్టింది. ఆ ముఖం చూస్తే ఇలాంటి జవాబు చాలాసార్లు విన్నట్టే ఉంది. సిస్టర్ గిన్నెలోది తాగేసి, ఆ గ్లాసు కూడా తీసుకుని తాగింది. నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

వస్తుంటే ఆ అమ్మాయి ఒకే మాట అడిగింది. "సాబ్, మా బాబు రోటీ నేనెప్పుడు చేయొచ్చు?"

శుక్రవారం సమావేశంలో నిర్వచనం మార్చాలని చెప్పాను. గొప్ప వింత జరిగింది. గది గదంతా నా నిర్వచనాన్ని నా నుంచి కాపాడ్డానికి నడుం కట్టింది. అంకెలకి మొహమాటం ఉండదని మీరే అన్నారు కదా అని టీకాలాయన మినిట్స్ తీసి చదివాడు. ఒక్క సందు చూసి మొత్తం మారుస్తామా అంది నీళ్లావిడ. సోమవారం పైనుంచి పెద్దవాళ్లు చూడ్డానికి వస్తున్నారు, ఇప్పుడు ఎరుపు పెరిగితే ఎలా అన్నారు డైరెక్టరు గారు. నేను మెట్ల కింది పొయ్యి గురించి చెబితే, పాపం అని అందరూ తల ఊపి మళ్లీ నోట్ వైపు చూశారు.

అప్పుడు ఒంటిగంట అయింది. డైరెక్టరు గారి డబ్బా వచ్చింది. ఆయన మూత తీసి అలవాటుగా నిట్టూర్చారు. నాకు చటుక్కున తోచింది.

"సార్, పోనీ సోమవారం వాళ్లకి చూపించడానికి నమూనాగా ఒక కుటుంబం ఉంటే బాగుంటుంది. మీ ఇల్లే ఎక్కిద్దామా?"

ఆయనకి నచ్చింది. ట్యాబ్‌ని తెరకి కలిపాను. ఇంట్లో ఐదుగురు. పొయ్యిలెన్ని అన్నాను.

"గ్యాస్ ఒకటి. నా ఖర్మకి ఇండక్షన్ ఒకటి" అన్నారాయన, డబ్బా వైపు చూపిస్తూ.

"దాని మీద వండింది ఎవరెవరు తింటారు సార్?"

"ఎవరు తింటారయ్యా దీన్ని! నేనొక్కణ్నే."

నొక్కాను. తెర మీద పెద్ద అక్షరాలతో వచ్చింది: ఈ వ్యక్తి కుటుంబ సభ్యుడు కాదు. వివరాలు తొలగించబడ్డాయి. ఆ వెంటనే గురుగ్రామ్ ఇల్లు ఆకుపచ్చగా మెరిసింది.

ఎవరో దగ్గారు. ఇంకెవరో ఆ దగ్గుని సాయం చేసుకుని నవ్వారు. సాఫ్ట్‌వేర్ తప్పు అన్నారు డైరెక్టరు గారు.

"సాఫ్ట్‌వేర్ బాగానే ఉంది సార్, తప్పు నాది. మీ ఇంట్లో ఇప్పుడు షుగర్ లేదు, బీపీ లేదు. మీరూ లేరు. మీకు రేపు ఏదైనా అయితే మీ ఇంటికి ఎవరూ రారు. ఫరీదాబాద్‌లో ఆ అమ్మాయికి కూడా ఇలాగే నయమైంది."

ఆయనకి కోపమొస్తుందనుకున్నాను. కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఆ పిల్ల ఏం తింటోంది?" అన్నారు మెల్లగా.

"ఏం దొరికితే అది సార్. ఒక్కతే."

డైరెక్టరు గారు డబ్బా మూత పెట్టేసి, "ఠీక్ హై, పొయ్యి తీసేయండి" అన్నారు. ఒక్క క్షణం ఆగి, "నా ఇల్లు కూడా తీసేయండి, మినిట్స్‌లో రాకూడదు" అన్నారు. మినిట్స్‌లో ఏం రాశారంటే, అంతర్జాతీయ పద్ధతుల మీద సమగ్ర చర్చ అనంతరం నిర్వచనం సవరించబడింది అని.

కొత్త నిర్వచనం సిస్టర్‌ది. ఫోన్ చేసి అడిగితే ఒక్క గుక్కలో చెప్పింది. "జ్వరమొస్తే ఎవర్ని కేకేస్తారో వాళ్లే కుటుంబం సార్. దీనికి కమిటీ ఎందుకు?" నేను దాన్ని సర్కారు భాషలోకి మార్చి ఎంత పాడుచేయాలో అంతా చేశాను. ఒంటరివాళ్లకీ కార్డిచ్చాం. జబ్బు పేరుతో ఎవరికైనా పొయ్యి వేరు పెడితే ఆ ఇల్లు ఎరుపే అని ఒక ప్రశ్న చేర్చాం. రోగి మందు తప్పకుండా వేసుకుంటుంటే ఆ ఇంటిని ఎరుపు చేయకూడదనీ రాశాం. నోట్ ఆగిపోయింది. సోమవారం వచ్చిన పెద్దలు, సర్వే సవరణలో ఉందని విని సమోసాలు తిని వెళ్లిపోయారు.

మూడో సర్వేలో క్షయ మొదటి స్థానానికి ఎగబాకింది. తప్పిన మాత్రలూ, వేరు పెట్టిన పొయ్యిలూ లెక్కలోకొచ్చి సందులన్నీ ఎర్రబడ్డాయి. సూచికలు ఇంతగా దిగజారడానికి కారణం తెలపాలని నాకు మెమో వచ్చింది. ఇంతకుముందు లేని మనుషులు ఇప్పుడు ఉన్నారు అని ఒక్క ముక్క రాసి పంపాను. నా సర్వీసులో నేను సొంతంగా రాసిన మంచి వాక్యం అదొక్కటే. ఆ మెమో ఇంకా నా దగ్గరుంది.

రిటైరయ్యే ముందు వారం సిస్టర్‌తో మళ్లీ ఆ ఇంటికి వెళ్లాను. ఆకుపచ్చ స్టిక్కరు పీకేసింది సిస్టరే. అత్తగారు వారం రోజులు పోట్లాడిందట. మీరు పెట్టమంటే పెట్టాం, తీయమంటే తీయాలా, నా మనవడికి వస్తే ఎవరిది బాధ్యత అని. అది న్యాయమైన ప్రశ్న. సిస్టర్ పిల్లవాడికి పరీక్షలు చేయించి, రాకుండా ఇచ్చే మందు మొదలుపెట్టించి, రోజూ వచ్చి కూర్చుని ఆవిణ్ని ఒప్పించింది. ఏ ట్యాబ్‌లోనూ ఈ కూర్చోవడానికి ప్రశ్న లేదు.

మెట్ల కింద ఇప్పుడు చీపురూ బకెట్టూ ఉన్నాయి. కోడలు లోపల పొయ్యి దగ్గరుంది. కాస్త ఒళ్లు చేసింది. పిల్లవాడు ఆవిడ పక్కనే కూర్చుని, చల్లారని రోటీని చేతులు మారుస్తూ ఊదుకుంటున్నాడు. నన్ను చూసి ఆ అమ్మాయి గుర్తుపట్టింది. టీ పెట్టి అందరికీ ఒకేలాంటి గ్లాసుల్లో పోసి, పళ్లెం ముందు నా దగ్గరికే తెచ్చి నిలబడింది. తీసుకుంటానో లేదో చూస్తోంది.

ఈసారి చెయ్యి ఆగుతుందేమోనని నాకే భయం వేసింది. ఆగే లోపే గ్లాసు అందుకుని గటగటా తాగేశాను. నాలుక కాలి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మెల్లగా సార్, మెల్లగా" అంది సిస్టర్. ఆ అమ్మాయి నవ్వి, ఖాళీ గ్లాసు తీసుకుని, ఇంకొంచెం పోయనా అని అడిగింది. పోయమన్నాను.